అక్వేరియం ఇసుక పారేయకండి: కడిగి, ఎండబెట్టి, దాచుకునే పద్ధతి

మూడేళ్ళ క్రితం ఇల్లు మారేటప్పుడు మా రెండడుగుల ట్యాంక్ ఖాళీ చేసి, అందులోని ఇసుకకి పైపైన నాలుగు నీళ్ళు పోసి కడిగి, తడి ఆరకుండానే బకెట్‌లో నింపి మూత గట్టిగా బిగించి పెట్టేశాను. కొత్త ఇంట్లో సామాన్లు సర్దుకునే హడావిడిలో ఆ బకెట్ సంగతే మర్చిపోయాను. నాలుగు నెలల తర్వాత మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్ల వాసన హాల్లోకి కూడా వచ్చేసింది. తెల్లటి ఇసుక బొగ్గుపొడి కలిపినట్టు నల్లగా అయిపోయింది. చేపలున్న ట్యాంక్‌లో దాన్ని అలాగే పోసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఎందుకలా అయిందంటే, ఎంత కడిగినా ఇసుక రేణువుల మధ్య మేత తునకలు, చేపల మలం, వేర్ల ముక్కలు కొంత మిగిలే ఉంటాయి. మూత బిగించిన తడి ఇసుకలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ని వాటిని తినే బ్యాక్టీరియా వాడేసుకుంటుంది, అది అయిపోయాక ఆక్సిజన్ అవసరం లేని వేరే బ్యాక్టీరియా పెరిగి నీళ్ళలో ఉన్న సల్ఫేట్‌ని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుగా మారుస్తుంది. కోడిగుడ్ల వాసన దానిదే. అది ఇసుకలోని ఇనుముతో కలిస్తే నలుపు వస్తుంది. ఈ వాయువు చేపలకి విషం. అంటే నేను చేసిన తప్పు సరిగ్గా కడక్కపోవడం ఒక్కటే కాదు, తడిగా మూసిపెట్టడం. ఇసుక దాచడంలో కడగడం సగం పనే, పూర్తిగా ఎండబెట్టడమే అసలు పని. కింద చెప్పేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇంత కష్టపడి దాచడం అవసరమా అని అడగొచ్చు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న ట్యాంక్‌లో 5 సెంటీమీటర్ల మందం ఇసుక పరిస్తే 9 లీటర్లు పడుతుంది, పొడి ఇసుక లీటరు సుమారు కిలోన్నర తూగుతుంది కాబట్టి దగ్గర దగ్గర 14 కిలోలు. షాపులో ప్యాకెట్ల లెక్కన కొంటే అది తక్కువ ఖర్చేమీ కాదు. అదీగాక ఇసుక అనేది కుళ్ళిపోయే వస్తువు కాదు, శుభ్రంగా ఉంచితే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. నదుల్లోంచి తవ్వి తెచ్చినదాన్ని ఒక్కసారి వాడి చెత్తలో పోయడానికి నాకు మనసొప్పదు.

మీ దగ్గరున్నది ఏ ఇసుక?

దీన్నిబట్టి పద్ధతి మారుతుంది కాబట్టి ముందు ఇది తేల్చుకోండి. వాటర్ ఫిల్టర్లలో, స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక (గూడూరు దగ్గర చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్ల ఇసుక ఈ రకమే), అలాగే కృష్ణా, గోదావరి లాంటి నదుల ఇసుక గట్టివి. ఎన్నిసార్లు రుద్ది కడిగినా వాటికేమీ కాదు. పగడపు పొడి, గవ్వల పొడి కలిసిన ఇసుక వేరు, అది సున్నపు జాతి, నీళ్ళ పీహెచ్‌ని (ఆమ్ల, క్షార గుణాల కొలత), కాఠిన్యాన్ని పెంచుతుంది. ఏది ఏదో తెలియకపోతే పొడి ఇసుక ఒక చెంచాడు గిన్నెలో వేసి దానిమీద నాలుగు చుక్కలు వెనిగర్ పోసి చూడండి, నురగలా బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. వెనిగర్ లేకపోతే నిమ్మరసం, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపటలు వినిపిస్తాయి.

మొక్కల ట్యాంకుల్లో వాడే ఆక్వా సాయిల్ అసలు ఇసుకే కాదు, కాల్చిన మట్టి గుళికలు. ఇసుకని రుద్దినట్టు రుద్దితే బురదైపోతుంది. దాన్ని నీళ్ళలో మెల్లగా ఒకటి రెండుసార్లు ఊపి ఎండబెట్టడం తప్ప ఇంకేమీ చేయకండి, ఏళ్ళు వాడినదైతే అందులో మొక్కలకి కావాల్సిన సారం కూడా పెద్దగా మిగలదు, పూలకుండీల్లో కలిపేయడమే మేలు. నీలం, గులాబీ రంగు వేసిన ఇసుక ఉంటుంది కదా, దాని రంగు గోటితో గీరితే ఊడుతుంటే దాచొద్దు.

ఇసుక రకం కన్నా ముఖ్యమైనది దాని చరిత్ర. ఆ ట్యాంక్‌లో చివరి ఆరు నెలల్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. తెల్లమచ్చల జబ్బు లాంటివి వచ్చి తగ్గి ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, ఆ పరాన్నజీవి చేప లేకుండా ఎక్కువ రోజులు బతకదు, ఎండితే చచ్చిపోతుంది. కానీ చేపలు ఒకటొకటిగా చిక్కిపోయి, వెన్ను వంగిపోయి, ఒంటిమీద మానని పుండ్లు పడి చనిపోయి ఉంటే అది చేపల క్షయ కావచ్చు. అలాంటి ట్యాంక్ ఇసుకని కడగాలని కూడా చూడకండి. ఆ బ్యాక్టీరియా క్లోరిన్‌కి సులువుగా లొంగదు, పైగా చేతిమీద గాయముంటే దానిగుండా మనకీ సోకి నెలల తరబడి తగ్గని చర్మవ్యాధి తెస్తుంది. గ్లవ్స్ వేసుకుని రెండు కవర్లలో కట్టి చెత్తలో వేసేయండి. ఇంకొకటి, రాగి ఉన్న మందు వాడిన ట్యాంక్ ఇసుకలో, ముఖ్యంగా సున్నపు రకంలో, ఆ రాగి పట్టుకుని ఉండి తర్వాత మెల్లగా నీళ్ళలోకి వదులుతుంది. అలాంటిది రొయ్యలు, నత్తలు పెంచే ట్యాంక్‌కి ఎప్పటికీ పనికిరాదు, దాచితే సంచిమీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయాల్సిందే.

ట్యాంక్‌లోంచి తీయడం

హీటర్, ఫిల్టర్, లైటు అన్నీ ప్లగ్ పీకేయండి. హీటర్ ఆపాక పావుగంట ఆగి అప్పుడు నీళ్ళు తగ్గించండి, వేడిగా ఉన్న గాజు గాలికి తేలితే పగులుతుంది. పాత ట్యాంక్ నీళ్ళే పట్టిన టబ్‌లోకి చేపల్ని మార్చి, ఫిల్టర్‌ని కూడా అక్కడే పెట్టి మళ్ళీ ఆన్ చేయండి. ఫిల్టర్ స్పాంజ్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియా (చేపల మలం నుంచి వచ్చే విషపు అమ్మోనియాని మార్చేసేది) బతికి ఉంటే తర్వాత మీ పని సగం తేలికవుతుంది.

చేపల్ని తీయకుండా ఇసుక కదపొద్దు. ఏళ్ళుగా కదలని లోతైన ఇసుకలో, రాళ్ళ కింద, పైన చెప్పిన వాయువు బుడగలు ఉండొచ్చు, దాంతోపాటు అడుగున పేరుకున్న మురికంతా ఒకేసారి లేస్తుంది. చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఆయాసపడటం చూశాక అప్పుడు వలకోసం వెతుక్కోవడం చాలా బాధగా ఉంటుంది.

ఇప్పుడు నీళ్ళు తోడండి, కానీ పారబోయకండి. 50, 60 లీటర్ల నీళ్ళు ఎలాగూ తీసేస్తున్నారు కదా, మొదటి రెండు కడుగులకి అవే వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు కొనుక్కునే అపార్ట్‌మెంట్‌లో ఉంటే దీని విలువ మీకే తెలుసు. ఒక డ్రమ్ములోనో రెండు బకెట్లలోనో పట్టి పక్కన పెట్టుకోండి.

ఇసుక మీద రెండంగుళాల నీళ్ళు ఉండగానే తోడటం మొదలుపెట్టండి, పూర్తిగా నీళ్ళు తీసేస్తే ఇసుక అతుక్కుని గట్టిపడి తవ్వాల్సి వస్తుంది. స్టీల్ గరిటె, ఇనప అట్లకాడ వాడితే అడుగు గాజు మీద గీతలు పడతాయి. ప్లాస్టిక్ మగ్గు లేదా పాత ఐస్‌క్రీమ్ డబ్బా చాలు. తోడేటప్పుడే పెద్ద రాళ్ళు, చెక్కలు, మొక్కలు, వేర్ల కింద పెట్టిన ఎరువు బిళ్ళలు ఏరేయండి. ఎరువు బిళ్ళ ఒకటి ఇసుకలో కలిసిపోయి ఉండిపోతే కొత్త ట్యాంక్‌లో అమ్మోనియా ఎక్కడినుంచి వస్తోందో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. ఇసుకలో బొరియలు చేసుకుని ఉండే పొడుగు శంఖం లాంటి నత్తలు ఉంటే వాటినీ ఇప్పుడే తీసేయాలి, లేకపోతే ఇసుకలోనే చచ్చి కుళ్ళుతాయి. చేత్తో ఏరడం కష్టం కాబట్టి కిటికీలకి వేసే దోమల మెష్ ముక్క ఒకటి బకెట్ మూతికి కట్టి, దానిమీద మగ్గు మగ్గు పోస్తూ నీళ్ళతో జల్లించండి, సన్న ఇసుక దిగిపోయి నత్తలు, వేర్లు, ఆకులు పైన ఉండిపోతాయి. ఇసుక ముతకదైతే మేస్త్రీలు వాడే ఇసుక జల్లెడ కావాలి.

ఇంకో మాట, బకెట్ సగానికి మించి నింపొద్దు. 20 లీటర్ల బకెట్ నిండా తడి ఇసుక 35 కిలోలు దాటుతుంది, చేతి పిడి ఊడిపోవడమే కాదు, నడుం పట్టేస్తుంది. అలాగే ఇసుక ఉండగా ట్యాంక్‌ని ఎత్తి పక్కకి జరపడం ఎంత చిన్న ట్యాంక్ అయినా చేయకండి, అడుగు గాజు దగ్గర అతుకులు వదిలేస్తాయి.

కడగడం

బియ్యం గాలించడం తెలిసినవాళ్ళకి ఈ పని నేర్పక్కర్లేదు. గాలించేటప్పుడు తేలికైన బియ్యం నీళ్ళతో పోయి రాళ్ళు అడుగున మిగులుతాయి కదా, ఇక్కడ అలాగే బరువైన ఇసుక అడుగున నిలుస్తుంది, తేలికైన మురికి నీళ్ళతో పోతుంది. బకెట్‌లో మూడు నాలుగు కిలోల ఇసుక మాత్రమే వేయండి. దాచిపెట్టిన ట్యాంక్ నీళ్ళు పోసి చెయ్యి అడుగుదాకా పెట్టి బాగా తిప్పండి, రెండు చేతులతో రేణువుల్ని ఒకదానితో ఒకటి రుద్దండి. తిప్పడం ఆపి ఐదు లెక్కపెట్టి, ఇసుక కిందకి దిగగానే పైనున్న టీ రంగు నీళ్ళని ఇంకో బకెట్‌లోకి వంచండి. ఐదు కన్నా ఎక్కువ ఆగితే మురికి కూడా ఇసుకమీదే కూర్చుంటుంది, ఆగకుండా వంచితే ఇసుక పోతుంది. రెండుసార్లు చేస్తే చేతికి లెక్క తెలిసిపోతుంది.

మూడో కడుగు నుంచి మంచినీళ్ళు వాడండి. పైపు ఉంటే దాని కొస బకెట్ అడుగుకి తోసి నీళ్ళు సన్నగా వదిలి, చేత్తో తిప్పుతూ, మురికి పైనుంచి పొర్లిపోనివ్వండి. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉన్నా ఇప్పుడు ఇబ్బంది లేదు, ఎలాగూ ఎండబెడతాం కాబట్టి ఇసుకలో బ్యాక్టీరియాని బతికించుకోవాలన్న ఆలోచన ఈ పనిలో లేదు.

ఎన్నిసార్లు కడగాలి? మామూలుగా ఆరేడు నీళ్ళు. అద్దంలా తేటగా వచ్చేదాకా అని పట్టుపట్టొద్దు, నది ఇసుక ఎప్పటికీ కొంచెం మసక వదులుతూనే ఉంటుంది. తిప్పి ఆపిన పది సెకన్లకి బకెట్ అడుగున ఇసుక రేణువులు కంటికి కనిపిస్తున్నాయంటే చాలు. ట్యాంక్ అడుగునుంచి చివర్లో వచ్చిన రెండు మగ్గుల ఇసుకలో సన్నటి బురద ఎక్కువ ఉంటుంది, దాన్ని విడిగా కడగండి, మిగతాదానిలో కలిపితే మొత్తం పని మళ్ళీ మొదటికొస్తుంది.

సబ్బు, సర్ఫ్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కూడా వద్దు. బకెట్ కూడా సబ్బు తగలనిదై ఉండాలి.

కడిగిన నీళ్ళని బాత్రూమ్ జాలీలోకి నేరుగా పోయకండి. ఇసుక పైపు వంపులో కూర్చుని గట్టిపడుతుంది, తర్వాత ప్లంబర్ వచ్చినా సులువుగా రాదు. అందుకే పక్క బకెట్‌లోకి వంచమన్నాను. కాసేపు ఆగితే జారిపోయిన ఇసుక దాని అడుగున దొరుకుతుంది, పై నీళ్ళు మొక్కలకి పోయొచ్చు. చేపల మలం కలిసిన ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకి, గులాబీకి మంచి ఎరువు. ట్యాంక్‌లో ఉప్పు గానీ మందులు గానీ వేసి ఉంటే మాత్రం మొక్కలకి పోయొద్దు. చెరువులో, కాలువలో అసలే వద్దు. నత్తలు, వాటి గుడ్లు, మొక్కల ముక్కలు అలాగే బయటికి పోతాయి. అక్వేరియంలో గాజుకి అతుక్కుని పాకుడు తినే ఆ నల్ల సక్కర్ చేప ఇవాళ మన చెరువుల్లో దెయ్యం చేప అయి వలలు చింపుతోందంటే, ఎవరో ఒకరు ఇంట్లోంచి నీళ్ళలో వదలడం వల్లే కదా.

బ్లీచ్ ఎప్పుడు వేయాలి

ప్రతిసారీ అక్కర్లేదు. ట్యాంక్ ఆరోగ్యంగా ఉండి, కడుగు, ఎండ రెండూ బాగా పడితే అంతకన్నా ఏమీ చేయను. చేపలకి జబ్బు చేసిన ట్యాంక్ అయినా, వేరేవాళ్ళ దగ్గర చరిత్ర తెలియని ఇసుక తెచ్చుకున్నా, వదలని నాచు పట్టి ఉన్నా అప్పుడు వేస్తాను.

వాసన, రంగు, జిగురు కలపని మామూలు బ్లీచ్ ద్రావణం తీసుకోండి, ఇంట్లో వాడే రకంలో సోడియం హైపోక్లోరైట్ 4, 5 శాతం ఉంటుంది. టాయిలెట్లకి వాడే చిక్కటి క్లీనర్లు కాదు. మన దగ్గర కిలోల్లెక్కన దొరికే తెల్ల బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు, అందులో సున్నం ఉంటుంది, ఆ సున్నం ఇసుకలోనే ఉండిపోయి తర్వాత పీహెచ్ పెంచుతుంది. 10 లీటర్ల నీళ్ళకి అర లీటరు బ్లీచ్ కలిపి, ముందే బాగా కడిగిన ఇసుక మునిగేలా పోసి, కర్రతో మధ్యమధ్యలో కలుపుతూ గంటసేపు ఉంచండి. ముందే కడగమనడానికి కారణం, మురికి ఎక్కువుంటే క్లోరిన్ అంతా దానిమీదే ఖర్చైపోతుంది. ఈ పని బాల్కనీలోనో డాబామీదో చేయండి, గ్లవ్స్ వేసుకోండి, మంచి బట్టలతో దిగకండి.

ఇక్కడ ఒక జాగ్రత్త, దయచేసి దాటేయకండి. వెనిగర్‌తో పరీక్ష చేసిన ఇసుక ముద్దని బ్లీచ్ బకెట్‌లో పడేయొద్దు, బ్లీచ్‌తో వెనిగర్, నిమ్మరసం, యాసిడ్, అమ్మోనియా ఉన్న క్లీనర్ ఏదీ కలపొద్దు. యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అమ్మోనియాతో కలిస్తే ఇంకో రకం విషవాయువు. మూసి ఉన్న బాత్రూమ్‌లో ఇది ప్రాణం మీదకి తెస్తుంది.

గంటయ్యాక బ్లీచ్ నీళ్ళు వంపేసి (ఇవి మొక్కలకి కాదు) నాలుగైదు సార్లు మంచినీళ్ళతో కడగండి. ఆఖరి నీళ్ళలో చేపల షాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కల మందు, సీసామీద రాసిన మోతాదుకి రెండు మూడింతలు వేసి అరగంట ఉంచి వంపండి. తర్వాత ఎండ మిగిలిన క్లోరిన్‌ని కూడా తీసేస్తుంది. ఎండిన ఇసుక గుప్పెట్లో పట్టి వాసన చూస్తే ఏమీ రాకూడదు.

నా లాగా ఇప్పటికే నల్లబడి కంపు కొట్టే బకెట్ ఎవరికైనా ఉంటే, దానికి బ్లీచ్ అక్కర్లేదు. గాలి బాగా ఆడే చోట మూత తీసి, ముఖం పక్కకి పెట్టుకుని, ఇసుకని టార్పాలిన్ మీద గుమ్మరించండి. గాలి తగిలితే నలుపు కొన్ని గంటల్లోనే గోధుమరంగులోకి తిరగడం మొదలవుతుంది. తర్వాత మామూలుగా పది నీళ్ళు కడగండి. నా ఇసుక అలాగే బాగుపడింది, ఇప్పటికీ వాడుతున్నాను.

ఎండబెట్టడం

డాబామీద శుభ్రమైన టార్పాలిన్ లేదా పాత ప్లాస్టిక్ చాప పరిచి, దానిమీద ఇసుకని అర అంగుళం మందానికి మించకుండా పలచగా పరవండి. కుప్పగా పోస్తే పైన తెల్లగా ఆరి లోపల తడి అలాగే ఉంటుంది, మోసపోయేది ఇక్కడే. కళ్ళంలో వడ్లు ఎండబోసినప్పుడు పాదాలతో చాళ్ళు తీస్తూ తిరగేస్తారు చూడండి, అలా పూటకి రెండుసార్లు తిరగేయాలి. ఏప్రిల్, మే ఎండలకి రెండు రోజులు చాలు. చలికాలంలో నాలుగైదు రోజులు పడుతుంది, సాయంత్రం కాగానే టార్పాలిన్ అంచులు మడిచి కప్పేయాలి, లేకపోతే రాత్రి మంచు పగటి పనంతా పాడుచేస్తుంది.

కప్పడానికి ఇంకో కారణం పిల్లులు. మెత్తటి పొడి ఇసుక డాబామీద కనిపిస్తే పిల్లికి అంతకన్నా మంచి చోటు దొరకదు. ఒక్కసారి అది వాడుకుందంటే ఆ భాగం పారేయడమే. పగలు కూడా పాత దోమతెర ఒకటి కప్పి నాలుగు వైపులా ఇటుకలు పెట్టండి, పావురాల రెట్టలు కూడా పడవు, ఎండ మాత్రం తగులుతూనే ఉంటుంది.

నత్తలున్న ట్యాంక్ ఇసుకైతే ఆరిపోయిందనిపించాక కూడా ఇంకో వారం ఎండలో ఉంచండి. కొన్ని నత్తలు గవ్వకి తలుపు మూసినట్టు మూసుకుని చాలా రోజులు ఎండని తట్టుకుంటాయి.

జులై, ఆగస్టులో ముసురు పట్టినప్పుడు ఇవేవీ కుదరవు. అలాంటప్పుడు గదిలో పేపర్ల మీద పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టి, చివరి తడి కోసం పొయ్యి వాడొచ్చు. మరమరాలు వేయించేవాళ్ళు మంగలంలో ఇసుక కాచినట్టే. వంటకి వాడని పాత ఇనప మూకుడులో కిలో చొప్పున వేసి, సన్నమంట మీద గరిటెతో ఆపకుండా తిప్పండి. తడి ఎక్కువుంటే ఆవిరి పట్టుకుని ఇసుక చిమ్ముతుంది, అందుకే ముందు ఫ్యాన్ కింద ఆరాలి, పిల్లల్ని దగ్గరకి రానివ్వొద్దు. వేయించిన ఇసుక చాలాసేపు వేడి వదలదు, వెంటనే ప్లాస్టిక్ బకెట్‌లో పోస్తే బకెట్ కరుగుతుంది. రంగు ఇసుకకి ఈ పద్ధతి పనికిరాదు. ట్యాంక్‌లోని రాళ్ళని మాత్రం ఎప్పుడూ పొయ్యిమీద పెట్టకండి, లోపల ఇంకిన నీరు ఆవిరై రాయి పేలిపోవచ్చు.

నిజంగా ఎండిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసే పరీక్ష ఒకటుంది. టార్పాలిన్ మధ్యలోంచి రెండు గుప్పిళ్ళ ఇసుక తీసి పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌లో వేసి గాలి పోకుండా ముడివేసి గంటసేపు ఎండలో పెట్టండి. కవర్ లోపలివైపు చెమ్మ పట్టినట్టు కనిపించిందా, ఇంకా ఎండలేదు, మళ్ళీ పరవండి. కవర్ తేటగా ఉంటేనే సంచిలోకి ఎత్తండి.

ఎత్తేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు, పొడి ఇసుకని ఎత్తు నుంచి కుమ్మరించకుండా మగ్గుతో మెల్లగా తోడండి.

దాచడం

ఖాళీ బియ్యం సంచి మంచిది, రెండు సంచులు ఒకదానిలో ఒకటి పెట్టి వాడండి. కాస్త గాలి ఆడుతుంది కాబట్టి ఏ కొంచెం చెమ్మ ఉన్నా బయటికి పోతుంది. కానీ నింపేటప్పుడు గుర్తుంచుకోండి, 26 కిలోల బియ్యం పట్టే సంచిలో ఇసుక నింపితే దాదాపు రెట్టింపు బరువవుతుంది. 12, 15 కిలోలు వేసి మూతి కట్టేయండి, ఒక్కరే ఎత్తగలగాలి. గోనెసంచి వద్దు, చెదలు పడతాయి, చెమ్మ పీలుస్తుంది. బకెట్ వాడాలంటే తినే వస్తువులు వచ్చిన బకెట్ అయి ఉండాలి. పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వాడొద్దు, నూనె డబ్బాల జిడ్డు కూడా వదలదు.

సంచి ఎండలో ఉంచితే ఏడాది తిరిగేసరికి పొడిపొడిగా రాలిపోతుంది, కాబట్టి డాబామీద వదిలేయకండి. అటకమీద కూడా వద్దు, నెత్తిమీద అంత బరువు ఎందుకు. మెట్ల కిందో, స్టోర్ రూమ్‌లోనో నేలకి తగలకుండా రెండు ఇటుకల మీద చెక్క పెట్టి దానిమీద ఉంచండి. పక్కన ఫినాయిల్, దోమల మందు, నాఫ్తలిన్ ఉండలు ఉండకూడదు.

చీటీ రాయడం బద్ధకించొద్దు. ఇసుక రకం, ఏ ట్యాంక్‌ది, ఏ నెలలో ఎండబెట్టారు, ఏ మందులు పడ్డాయి, ఎన్ని కిలోలు. పైన మార్కర్‌తో రాసింది చెరిగిపోతుంది, అందుకే అదే చీటీ ఇంకొకటి చిన్న జిప్ కవర్‌లో పెట్టి సంచి లోపల వేయండి. సముద్రపు చేపల ట్యాంక్ ఇసుకా, మంచినీటి ఇసుకా ఎప్పుడూ వేర్వేరు సంచుల్లోనే.

వారం పది రోజుల్లోనే మళ్ళీ వాడతారని తెలిస్తే ఇదంతా అక్కర్లేదు. వెడల్పు టబ్‌లో ఇసుకని రెండంగుళాల మందానికి పరిచి, పాత ట్యాంక్ నీళ్ళు పోసి, మూత పెట్టకుండా, ఎయిర్ పంప్ రాయి వేసి ఉంచండి, రెండు రోజులకోసారి చిటికెడు మేత వేస్తే మంచి బ్యాక్టీరియా చాలావరకు బతికే ఉంటుంది. గాలి బుడగలు ఆగకూడదు, అదొక్కటే షరతు. కరెంటు పోయే ఊళ్ళో ఉంటే బ్యాటరీ ఎయిర్ పంప్ దగ్గర పెట్టుకోండి.

మళ్ళీ వాడేటప్పుడు

సంచి విప్పగానే ముందు వాసన చూడండి. వర్షం తర్వాత మట్టి వాసనలా ఉంటే ఫర్వాలేదు, కుళ్ళు వాసన ఉంటే మళ్ళీ కడుగు, ఎండ. దుమ్ము పోవడానికి ఎలాగూ రెండు నీళ్ళు కడగాలి. చరిత్ర తెలియని ఇసుకైతే ఒక గుప్పెడు గాజు సీసాలో వేసి నీళ్ళు పోసి ఒక రోజు ఉంచి, ఆ నీళ్ళని అమ్మోనియా కిట్‌తో చూడండి.

ట్యాంక్‌లో ఇసుక పరిచాక దానిమీద ఒక పళ్ళెం పెట్టి ఆ పళ్ళెం మీదకి సన్నగా నీళ్ళు పోయండి, ఇసుక గుంటలు పడదు, నీళ్ళు కూడా తక్కువ మసకబారతాయి. ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడ. పాత ట్యాంక్ ఇసుక కదా, బ్యాక్టీరియా ఉంటుంది కదా అని వెంటనే చేపల్ని వేసేస్తారు. ఎండిన ఇసుకలో ఆ బ్యాక్టీరియా ఉండదు. ఈ ఇసుక కొత్తదానితో సమానం, ట్యాంక్ కూడా కొత్త ట్యాంకే. అమ్మోనియా, దాన్నుంచి పుట్టే ఇంకో విషం నైట్రైట్, రెండూ సున్నాకి వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నడుస్తున్న ఇంకో ట్యాంక్ ఫిల్టర్ స్పాంజ్ ఒకటి తెచ్చి పెడితే ఈ కాలం బాగా తగ్గుతుంది, అయినా కిట్‌తో చూడకుండా చేపల్ని దించకండి, దించినా మొదట రెండు మూడు చిన్న చేపలే.

సంచిలో కిలో రెండు కిలోలు మిగిల్చి ఉంచుకోండి. కోరీడోరాస్ లాంటి చేపలు ముక్కుతో తవ్వి ఇసుకని మూలలకి చేరుస్తుంటాయి, నీళ్ళు మార్చేటప్పుడు పైపులో కొంత పోతుంటుంది. ఆరు నెలలకోసారి రెండు మగ్గులు కలపాల్సి వస్తే అదే ఇసుక, అదే రంగు చేతిలో ఉంటుంది.